ఆ నాలుగంతల తీర్పు

మా గుంటూరు లూథరన్ చర్చిల్లో ఆరాధన మొదలయ్యేదే పాపపు ఒప్పుకోలుతో. తలంపుతో, మాటతో, క్రియతో నీకు విరోధంగా పాపం చేశామని అందరం కలిసి చెప్పాలి. ఆ టైముకి చర్చిలో ఎవరుంటారయ్యా అంటే, ముందు వరసల్లో కూర్చునే పెద్దవాళ్లు, కాయిర్ పిల్లలు. సగం మంది బయట బండ్లు పెట్టుకుంటూ ఉంటారు, ఇంకొంతమంది అప్పుడే ఇంటికి తాళం వేస్తూ ఉంటారు. "ప్రసంగానికి అందుకున్నాం, దేవునికి స్తోత్రం" అని నవ్వుతూ చెప్తారు పైగా. టైముకి వచ్చినవాళ్లైనా ఆ నాలుగు వాక్యాలూ ఎంత స్పీడుగా అనేస్తారంటే ఆ కాస్త వ్యవధిలో ఒక్క పాపమైనా గుర్తుకు రావడం కష్టం.

మన లూథరన్ సంఘాలకి ఆ పేరు వచ్చిన మార్టిన్ లూథర్ గారు 1517లో రాసిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిదే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని. మిషనరీ హయ్యర్ దొరగారు 1842 జులై 31న మన గుంటూరులో అడుగుపెట్టారు. అంటే ఆ బోధ మన ఊరికి వచ్చి నూట ఎనభై ఏళ్లు దాటింది. జీవితమంతా సంగతి తర్వాత, ముందు ఆదివారం పొద్దున ఐదు నిమిషాలు కుదిరితే చాలు.

అలాగని పాపం గురించి మనకి తెలియదా అంటే, ఎందుకు తెలియదు! ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల కూడికల్లో "ఏ భేదమును లేదు" అని అయ్యగారు అందుకుంటే చాలు, "అందరును పాపముచేసి" అని బెంచీలన్నీ పూర్తి చేస్తాయి. ఆ "అందరును" దగ్గర మాత్రం చూపు పక్క వరసకి పోతుంది. కూడిక అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ "ఇవాళ వాక్యం మా తోడికోడలు వినాల్సింది అక్కా" అనే మాట వినని వాళ్లెవరైనా ఉన్నారా?

అందుకే నాకు దావీదు రాజు పశ్చాత్తాపంతో పాడిన 51వ కీర్తన కన్నా దాని వెనక ఉన్న సంగతి మీద, సమూయేలు రెండో గ్రంథం 12వ అధ్యాయం మీద మమకారం ఎక్కువ. నాతాను ప్రవక్త దావీదుకి చెప్పిన కథ మీకు తెలిసిందే: బోలెడు మందలున్న ధనవంతుడు ఇంటికొచ్చిన అతిథికి వండిపెట్టడానికి పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లని లాక్కున్నాడు. నేను ఎప్పుడూ ఆగిపోయేది దావీదు ఇచ్చిన తీర్పు దగ్గర. అది కథ అని ఆయనకి తెలియదు, నిజంగా ఎక్కడో జరిగిన అన్యాయమే అనుకున్నాడు. కోపంతో మండిపడి, ఆ పని చేసినవాడు మరణపాత్రుడు అన్నాడు, ఆ గొఱ్ఱెపిల్లకు ప్రతిగా నాలుగు గొఱ్ఱెపిల్లలు ఇవ్వాలన్నాడు. ఈ నాలుగంతలు ఆయన నోటికొచ్చిన లెక్క అనుకుంటున్నారా? నిర్గమకాండం 22వ అధ్యాయం మొదటి వచనం తీయండి. ఎద్దును దొంగిలించి అమ్మినా చంపినా ఐదు ఎద్దులు, గొఱ్ఱెకైతే నాలుగు గొఱ్ఱెలు. రాజుగారికి ధర్మశాస్త్రం అంకెలతో సహా కంఠతా వచ్చన్నమాట. బత్షెబను పిలిపించుకుని, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు నిలబెట్టించి చంపించి, ఆమెను పెళ్లాడి, బిడ్డ కూడా పుట్టేదాకా అన్ని నెలలూ ఆ జ్ఞానం అంతా ఆయన దగ్గరే ఉంది. తన విషయంలో ఒక్క రాత్రికి కూడా పనికిరాలేదు.

ఇంకో సంగతి చూడండి. గొఱ్ఱెను దొంగిలించినవాడికి ధర్మశాస్త్రంలో ఎక్కడా మరణశిక్ష లేదు. అది దావీదు సొంతంగా కలిపింది! తన తప్పు లోపల దాచుకున్న మనిషి ఎదుటివాడి తప్పు దగ్గర మోషే కన్నా నాలుగాకులు ఎక్కువే చదువుతాడు. "తీర్పు తీర్చు మనుష్యుడా" అని పౌలు రోమా పత్రిక రెండో అధ్యాయం మొదట్లోనే పిలిచింది ఇలాంటివాళ్లనే. పాపం అంటే మనం తాగుడు, జూదం, సినిమాలు అని లిస్టు వేసుకుని, మనకవి లేవు కాబట్టి ఫర్వాలేదులే అనుకుంటాం. ఈ గుడ్డితనాన్ని మాత్రం ఎవరూ లిస్టులో వేయరు.

అప్పుడు నాతాను అన్నాడు, "ఆ మనుష్యుడవు నీవే."

ఆ మాట దావీదుకి తనంతట తనకి తట్టలేదు. ప్రవక్త దగ్గరికి ఆయన వెళ్లలేదు కూడా. యెహోవాయే నాతానును పంపించాడు, అధ్యాయం మొదలయ్యేదే ఆ మాటతో. రక్షణ అవతలి వైపు నుంచి రావాలి అని మనం ఊరికే అనడం లేదు. తన రోగం తనకే కనపడని మనిషి వైద్యుడి కోసం బయల్దేరడు కదా! దావీదు "పాపము చేసితిని" అన్నాడో లేదో, అదే వచనంలో నాతాను "నీవు చావకుండునట్లు యెహోవా నీ పాపమును పరిహరించెను" అన్నాడు. తీర్పు చెప్పిన నోరు ఇంకా ఆరకముందే క్షమాపణ వచ్చేసింది.

మరి దావీదు తన నోటితోనే పలికిన ఆ మరణశిక్ష ఎక్కడికి పోయింది? కొంతమంది బోధకులు చనిపోయిన దావీదు కొడుకుల్ని లెక్కపెడతారు: ఆ పసిబిడ్డ, అమ్నోను, అబ్షాలోము, అదోనీయా, ఇదిగో నాలుగంతలు అని. ఆ లెక్క నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు, పసిబిడ్డని అంకె చేసి ప్రసంగం ముగించేస్తే ఎలా? నాకైతే ఆ శిక్ష అలా తరాల తరబడి ఉండిపోయి, బాప్తిస్మమిచ్చే యోహాను యేసును చూపించి "ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల" అన్న చోట యేసు మీదికి వచ్చిందనిపిస్తుంది. నాతాను కథలోనూ ఏ తప్పూ చేయకుండా చచ్చిపోయింది గొఱ్ఱెపిల్లే. మత్తయి మొదటి అధ్యాయంలో యేసుప్రభువు వంశావళి చదివేటప్పుడు ఆ పేర్ల లిస్టు ఎవరు చదువుతారులే అని దాటేయకండి, ఆరో వచనంలో బత్షెబ పేరు ఉండదు, ఊరియా పేరు ఉంటుంది. రాజు చంపించినవాడి పేరుని రక్షకుడి వంశావళిలో రాయించాడు దేవుడు. క్షమించాడు గానీ దాచలేదు.

అదే నాలుగంతలు మళ్లీ యెరికోలో, సుంకం వసూలు చేసే జక్కయ్య నోట వినపడుతుంది: ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. జక్కయ్యని ఎవరూ పట్టుకోలేదు, ఏ ప్రవక్తా నిలదీయలేదు. తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలు ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలిపితే చాలని సంఖ్యాకాండం 5:7 చెప్తుంది. జక్కయ్య ఆ వెసులుబాటు అడగలేదు, గొఱ్ఱె దొంగకి పడే శిక్షని తన మీద తనే వేసుకున్నాడు. దావీదు ఎవరి మీదో వేసిన నాలుగంతల్ని ఈ సుంకపు గుత్తదారుడు తన నెత్తి మీద పెట్టుకున్నాడు! అయితే వరస చూడండి, యేసు ఆ ఇంటికి వస్తానన్నది ముందు, డబ్బు మాట తర్వాత. డబ్బు తిరిగిచ్చి రక్షణ కొనుక్కోలేదు ఆయన. రక్షకుడు గుమ్మంలోకి వచ్చాడు కాబట్టి పాత లెక్కల పుస్తకం ఇంక భరించలేకపోయాడు.

బ్రాడీపేటలో మా మేనత్త ఉండేది. కూరగాయలమ్మేవాళ్లకి, ఇళ్లల్లో పనిచేసుకునేవాళ్లకి ప్రాంసరీ నోటు మీద డబ్బులిచ్చేది, నూటికి ఐదు రూపాయల వడ్డీ. మహిళా కూడికలో జక్కయ్య వాక్యం విన్న వారానికి అనుకుంటా, బీరువా లాకర్లో పాలిథిన్ కవర్లో చుట్టిపెట్టిన నోట్లు బయటికి తీసి, కూరగాయలామెని పిలిపించింది. ఆమె గడపలోనే నిలబడి "రెండ్రోజులు ఆగండమ్మా, ఈ నెల కొంచెం టైటుగా ఉంది" అంది. అత్త నోటు చేతిలో పెట్టింది. ఆమెకి చదువు రాదు. అటూ ఇటూ తిప్పి, రెవెన్యూ స్టాంపు మీద ఉన్న వేలిముద్ర చూసుకుని "ఇది నాదే, మళ్లీ ఇంకో కాయితం మీద వేయాలా?" అని అడిగింది. చింపేయమని అత్త చెప్తే నమ్మలేదు. అసలుకి మించి ఎప్పుడో కట్టేసిన వడ్డీలో కొంత లెక్కేసి చేతిలో పెడితే ఇంకా భయపడింది. మా మావయ్య చాలా రోజులు గొడవ చేశాడు, దశమభాగం ఇస్తున్నాంగా, ఇంకా ఇదెందుకని. "దశమభాగం దేవుడిది, ఇది ఆవిడది" అంది అత్త. కొలొస్సయులకు రాసిన పత్రికలో మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని సిలువకు మేకులతో కొట్టాడని చదివినప్పుడల్లా నాకు ఆ రెవెన్యూ స్టాంపు కనపడుతుంది.

కాబట్టి వచ్చే ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకునేవాళ్లందరికీ చెప్తున్నాను. చర్చి మొదటి గంట కొట్టేసరికే రండి. ఒప్పుకోలు చెప్పేటప్పుడు తోడికోడలు, పక్కింటివాళ్లు, ఎమ్మెల్యే, ఎవరూ గుర్తుకు రాకూడదు, మీరే గుర్తుకు రండి. చెప్పాక ఇంటికెళ్లి, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నది ఉంటే, అన్నదమ్ముల వాటాలో కొలత తగ్గించిన సెంటు స్థలమైనా, పనిమనిషికి కోసేసిన నాగాల డబ్బైనా, వెళ్లి ఇచ్చేయండి. దాన్ని తెచ్చి కానుకల పెట్టెలో వేయకండి. సంఖ్యాకాండంలో ఆ తర్వాతి వచనమే చదవండి, ముందు ఆ మనిషికి, అతను లేకపోతే అతని రక్తసంబంధికి, వాళ్లు కూడా ఎవరూ లేకపోతేనే యాజకుడి చేతికి.