ఎస్సెస్సీ ఇంగ్లిష్: రూపం ఒకటి, అర్థం ఒకటి

హైదరాబాద్‌లో పోటీ పరీక్షల అభ్యర్థులుండే అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా వొకాబులరీ పేరిట లావుపాటి బైండింగులు కనిపిస్తాయి. వాటిని మొదటి పేజీ నుంచి బట్టీ పట్టేవారిని చిక్కడపల్లి లైబ్రరీలో ఎందరినో చూశాను. ‘బి’ అక్షరం దాటినవారు తక్కువ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష రాసేవారికి నేను చెప్పేది వేరు. ముందుగా పట్టుకోవలసినవి తెలిసినట్టే కనిపించి దారి తప్పించే మాటలు.

‘నాయిసమ్’ చూడండి. వినగానే గోల అనిపిస్తుంది. అర్థం మాత్రం దుర్వాసనతో రోత పుట్టించేది. దాని చుట్టరికం విసిగించడం అనే ‘అనాయ్’తోనే గానీ ‘నాయిస్’తో కాదు. ‘ఎనర్వేట్’ ఎనర్జీ ఇచ్చేదిలా వినిపిస్తుంది, నిజానికి నీరసపరచడం. ‘మెరిట్రీషియస్’ అర్థంలో మెరిట్ ఏమీ లేదు, లాటిన్‌లో వేశ్య అనే పదం నుంచి పుట్టి పైపై తళుకులకు స్థిరపడింది. ‘పల్క్రిట్యూడ్’ అనే మొరటు శబ్దానికి అందం అని అర్థమట, ఎవరికి చెప్పుకోవాలి!

నాకు అన్నిటికన్నా నచ్చింది ‘రెస్టివ్’. పాత ఫ్రెంచిలో అది కదలక నిలిచిపోయేది. ముందుకు నడవనని మొరాయించే గుర్రాన్ని అలా అనేవారు. అలాంటి గుర్రం ఊరికే ఉంటుందా? తల విదిలిస్తుంది, కాళ్లు నేలకేసి కొడుతుంది. అలా ‘రెస్ట్’ కనిపించే మాటకు కుదురు లేనిది అనే అర్థం వచ్చింది. కథ తెలిశాక దాన్ని మళ్లీ బట్టీ పట్టే పని పడలేదు.

పేపరు తయారుచేసేవారికి ఇవంటే మహా ఇష్టం. నాయిసమ్‌కు సమానార్థకం అడిగితే ఆప్షన్లలో ‘లౌడ్’ ఉంటుందనే అనుకోండి. అందుకే ప్రతి మాక్ టెస్టు తర్వాత నోటుబుక్కులో మూడు గడులు గీసేవాణ్ని: మాట, చూడగానే తోచిన అర్థం, అసలు అర్థం. నడిమి గడి లేకపోతే ఆ నోటుబుక్కు మరో డిక్షనరీ, అంతే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పెట్రోల్ ట్యాంకర్ వెనుక కనిపించే ‘ఇన్‌ఫ్లేమబుల్’ కూడా అందులోకి ఎక్కింది. ముందు ‘కాదు’ అన్నట్టు ‘ఇన్’ ఉన్నా అది మండేదే.

వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్‌కు, అంటే పొడుగు వివరణకు బదులు ఒక్క మాట చెప్పే ప్రశ్నలకు, ఇంత శ్రమ అక్కర్లేదు. ‘సైడ్’తో ముగిసే హత్యలు, ‘ఫోబియా’తో ముగిసే భయాలు రెండు సాయంత్రాల పని.

ఇక లెక్క. ప్రస్తుత టైర్-2లో, అంటే పరీక్ష రెండో దశలో, ఇంగ్లిష్‌కు 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున మిగిలేది సున్నా. రెండింటిని కొట్టివేయగలిగితే సగటున ఒక మార్కు లాభం, ధైర్యంగా పెట్టండి. మాట పూర్తిగా కొత్తదై, దాని రూపం ఒక్కటే ఏదో ఆప్షన్ వైపు లాగుతుంటే మాత్రం వదిలేసి ప్యాసేజీకి వెళ్లండి.