నోట్‌బుక్‌లో పాంథర్స్, ఫోన్‌లో ఆయిలర్స్

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పందెం నాకు కొత్త కాదు. సంక్రాంతి మూడు రోజులూ మా మావయ్య బరి దగ్గరే ఉండేవాడు. ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం చూసి చెప్పేవాడు. పుంజు ఓడిపోతే, "శాస్త్రం తప్పదురా, నేనే ఘడియలు సరిగ్గా చూసుకోలేదు" అనేవాడు.

కెనడాలోని ఎడ్మంటన్ వచ్చి కోల్డ్ స్టోరేజీ గోదాంలో పనికి కుదిరాక నాకు ఇంకో మావయ్య దొరికాడు. ఈయన పందేలు ఐస్ హాకీ మీద. ఫిలిప్పీన్స్ ఆయన. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. ఒకప్పుడు కెనడాలో ఒక్క మ్యాచ్ మీద విడిగా పందెం కట్టే వీల్లేదట. కొన్ని మ్యాచులు కలిపి కట్టాలి, ఒక్కటి తప్పినా మొత్తం పోయేది. 2021 ఆగస్టులో చట్టం మారింది. "నా డబ్బంతా ఆ రోజుల్లోనే పోయింది, నువ్వు అదృష్టవంతుడివి" అంటాడు. అదృష్టమో కాదో ముందు ముందు తెలుస్తుంది.

ఆయన నేర్పిన మొదటి పాఠం, స్టార్ ఆటగాళ్లను పక్కన పెట్టి గోలీ, అంటే గోల్ కాపలా కాసేవాడు, ఎవరో చూడమని. మ్యాచ్ రోజు పొద్దున జట్టు కాసేపు ప్రాక్టీస్ చేస్తుంది. అందులో ముందుగా మంచు మీంచి లోపలికి వెళ్లిపోయే గోలీయే సాధారణంగా ఆ రాత్రి ఆడతాడు. వరసగా రెండు రాత్రులు మ్యాచులుంటే రెండో రోజు రెండో గోలీని దింపే అవకాశం ఎక్కువ. ఇది వినగానే నాకు మా మావయ్య పుంజు కాళ్లు పట్టుకుని చూడటం గుర్తొచ్చింది. కాకపోతే ఇందులో ఘడియల గొడవ లేదు.

2023-24 సీజన్‌లో పైసా పెట్టకుండా ఒక నోట్‌బుక్‌లో ఊరికే జోస్యాలు రాసుకున్నా. 50 మ్యాచులు రాస్తే 29 సరిపోయాయి. పొంగిపోయి ఆయనకి చూపించాను. ఆయన నోట్‌బుక్ తీసుకుని, ప్రతి మ్యాచ్‌లోనూ సొంత ఊళ్లో ఆడే జట్టు పేరు రాసి ఉంటే ఎన్ని వచ్చేవో లెక్కపెట్టాడు. 27. అంటే ఐదు నెలల నా శాస్త్రం విలువ రెండు మ్యాచులు!

ఆ తర్వాత రేట్ల లెక్క చెప్పాడు. రెండు జట్లూ సమానమైతే రెండింటికీ 1.91 అని ఉంటుంది. పది డాలర్లు కట్టి గెలిస్తే ఆ పదితో కలిపి 19.10 వస్తుంది. ఒకటిని 1.91తో భాగిస్తే 52.4 శాతం, నష్టం లేకుండా ఉండాలంటే అన్ని గెలవాలి. రెండు వైపులా కలిపితే 104.7. వందకి పైనున్న ఆ 4.7 పందెం నడిపేవాడిది. బరి దగ్గర నిర్వాహకుడు కోత కోసుకున్నట్టే. సగం గెలుస్తూ సగం ఓడుతూ ఉంటే చాలదు, వందకి 53 గెలిస్తేనే నీ డబ్బు నీ దగ్గర ఉంటుంది.

ఇన్ని విని కూడా ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లలో, బోల్తా పడ్డాను. మే 23న డాలస్‌లో, అక్కడి జట్టు స్టార్స్‌తో మా ఎడ్మంటన్ జట్టు ఆయిలర్స్‌కి సిరీస్‌లో మొదటి మ్యాచ్. మా పెదనాన్న గారి అబ్బాయి డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటాడు. టెక్సస్‌లో ఆటల మీద బెట్టింగ్‌కి అనుమతి లేదు కాబట్టి అన్నయ్యతో బిర్యానీ పందెం. ఓడినవాడు అవతలివాడి ఇంటికి ఆర్డర్ పెట్టాలి. అది చాలదన్నట్టు నేను యాప్‌లో ఇరవై డాలర్లు ఆయిలర్స్ మీద పెట్టా. ఒక చోట రేటు ఎక్కువ కనిపిస్తే దాన్నే నొక్కాను. మూడో పీరియడ్ చివర్లో స్టార్స్ ఆటగాడు సెగిన్ స్కోరు సమం చేశాడు. రెండో ఓవర్‌టైమ్ మొదలైన 32 సెకన్లకే మా మెక్‌డేవిడ్ గోల్ కొట్టాడు. నేను సోఫా మీంచి ఎగిరి, ఫోన్ తెరిస్తే, పందెం ఓడినట్టు చూపిస్తోంది. నేను నొక్కింది 60 నిమిషాల పందెం, ఓవర్‌టైమ్ లెక్కలోకి రాదు. అరవై నిమిషాలకి స్కోరు సమం, అంతే సంగతి. గెలిచిన జట్టు మీద కట్టి డబ్బు పోగొట్టుకున్న ఘనుణ్ని. అన్నయ్య మాత్రం మెలికలేవీ పెట్టకుండా మర్నాడు బిర్యానీ పంపించాడు.

ఇక ఫైనల్. ముందు నాలుగు మ్యాచులు గెలిచినవాళ్లదే స్టాన్లీ కప్. ఫ్లోరిడా పాంథర్స్ మొదటి మూడూ గెలిచేశారు. తర్వాత ఆయిలర్స్ 8-1, 5-3, 5-1తో మూడూ లాగేశారు. ఫైనల్లో 0-3 నుంచి లేచి కప్పు ఎత్తింది 1942లో టొరంటో ఒక్కటే. ఊరంతా ఆయిలర్స్ నారింజ రంగు. గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్‌లకు కూడా జెండాలు కట్టారు.

జూన్ 24, సోమవారం, ఫ్లోరిడాలో ఏడో మ్యాచ్. పొద్దున టీ తాగుతూ నోట్‌బుక్‌లో ఇలా రాశాను: "పాంథర్స్. సొంత మంచు. వాళ్ల గోలీ బాబ్రోవ్‌స్కీ ఈసారి అన్ని గోల్స్ ఇవ్వడు. గోల్స్ తక్కువ." సాయంత్రం ఐదున్నరకి గోదాం మావయ్య ఇంటి బేస్‌మెంట్‌లో, ఆయన కూతురి జెర్సీ ఒకటి నా భుజాల మీద కప్పుకుని, నలభై డాలర్లు ఆయిలర్స్ మీద కట్టాను. ఈసారి ఓవర్‌టైమ్‌తో కలిపి ఉన్నదే నొక్కానని రెండుసార్లు చూసుకున్నా. ఆయన పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఆయనా అదే కట్టాడు.

పాంథర్స్‌కి వెర్‌హేగీ గోల్, కాసేపటికే మా యాన్‌మార్క్ సమం. రెండో పీరియడ్‌లో పాంథర్స్‌కి రైన్‌హార్ట్ రెండో గోల్. మూడో పీరియడ్ అంతా నిలబడే చూశాం. చివర్లో మా గోలీ స్కిన్నర్‌ని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ని దింపారు. ఖాళీ గోల్ అటు, మా ప్రాణాలు ఇటు. 2-1తో అయిపోయింది. మెక్‌డేవిడ్‌కి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ, కాన్ స్మైత్ ఇచ్చారు. అందుకోవడానికి ఆయన మంచు మీదకి రానే లేదు.

తొమ్మిది దాటాక ఇంటికి బయల్దేరితే ఇంకా ఎండ ఉంది. రోడ్ల మీద ఒక్క హారన్ లేదు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ డైనింగ్ టేబుల్ మీద నోట్‌బుక్ చదువుతోంది.

"అబ్బో, పొద్దున్నే రాసేశారే! గోల్స్ తక్కువన్నది కూడా సరిపోయింది," అని నా వైపు తిరిగింది. "ఇంతకీ ఎంత వచ్చింది?"