నల్లరేగడి మీద పేవర్లకు పునాది: రెండో ప్రయత్నం

మూడేళ్ల కిందట పెరట్లో పరిపించుకున్న పేవర్లు (నేల మీద పరిచే సిమెంటు దిమ్మెలు), డాబా మీది వాననీరు దిగే గొట్టం దగ్గర రెండు అంగుళాల మేర కుంగిపోయాయి. ఈ వేసవిలో వాటన్నిటినీ ఎత్తి చూశాను. రేగడి మట్టి మీద నేరుగా ఇసుక పోసి, పల్లం ఉన్న చోట నాలుగు అంగుళాల మందం దాకా ఇసుకతోనే సర్ది ఉంచారు. మా గుంటూరు ప్రాంతపు రేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్లలోకి ఇసుక జారిపోవడంతో పైనున్న దిమ్మెలు ఆధారం లేక దిగిపోయాయి.

స్థలం 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. పేవరు 60 మి.మీ., దాని కింద ఇసుక ఒక అంగుళం, వెట్ మిక్స్ కంకర (రాతిపొడి, నీళ్లు కలిపిన కంకర) ఆరు అంగుళాలు, అట్టడుగున ఎర్ర గ్రావెల్ మరో ఆరు అంగుళాలు అనుకుని పదిహేనున్నర అంగుళాల లోతు తవ్వించాను. ఇద్దరు మనుషులకు మూడు రోజులు పట్టింది. అణిచిన తరువాత ఆరు అంగుళాలు నిలవాలంటే పాతిక శాతం ఎక్కువ పోయాలి కనుక, 100 ఘనపుటడుగుల యూనిట్ లెక్కన గ్రావెల్, వెట్ మిక్స్ చెరి ఒకటిన్నర యూనిట్లు తెప్పించాను.

వాటం తవ్వకం అడుగు నుంచే రావాలి. ఇంటి గోడ నుంచి బయటి కాలువ వైపుకు 12 అడుగులకు రెండున్నర అంగుళాల వాలు వచ్చేలా, నీళ్ల గొట్టంతో మట్టం చూసి దారాలు కట్టాను. గొట్టంలో గాలిబుడగ ఒక్కటి మిగిలినా మట్టం తప్పుతుంది.

ఎండి పగిలిన రేగడిని అలాగే కప్పేస్తే తరువాత తడి తగిలి పైపొరలన్నిటినీ ఎత్తేస్తుంది. అందువల్ల రెండు రోజులు పలుచగా నీళ్లు చల్లి, పగుళ్లు మూసుకున్నాక, బురద కాకముందే అణిచి, మట్టి గ్రావెల్‌లోకి ఎగబాకకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డను అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిచాను.

గ్రావెల్‌నూ కంకరనూ మూడేసి అంగుళాల పొరలుగా పోసి, అద్దెకు తెచ్చిన ప్లేట్ కంపాక్టర్‌ను (అదురుతూ నేలను అణిచే యంత్రం) నిలువుగా, అడ్డంగా నాలుగేసి సార్లు నడిపాను. ఆరు అంగుళాలూ ఒకేసారి పోస్తే పైభాగం గట్టిపడి అడుగు వదులుగానే మిగిలిపోతుందేమోనని ఈ జాగ్రత్త. యంత్రం చేరని మూలలను దిమ్మిసతో కొట్టాం. గ్రావెల్‌ను పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి గాని చేతికి నీరు అంటకూడదు. ఆ పదును దొరికిన రోజు పని ఎంతో బాగా సాగింది.

నిన్న పది అడుగుల అల్యూమినియం పట్టీ వేసి చూస్తే వాననీటి గొట్టం దగ్గరి మూలలో పట్టీ కింద 15 మి.మీ. సందు కనిపించింది. అక్కడ ఇసుక వేసి సరిచేయడానికి నేను ఒప్పుకోలేదు. పైపొరను పలుగుతో వదులు చేసి, వెట్ మిక్స్ కలిపి, తడిపి మళ్లీ అణిచిన తరువాత సందు 5 మి.మీ.కు తగ్గింది. ఆ గొట్టపు నీటిని కూడా నేరుగా కాలువకు కలిపించాను.

రేపు అంచుల వెంట కర్బు రాళ్లను కాంక్రీటులో నిలబెట్టి, వారం రోజులు తడిపిన తరువాతే ఇసుక జల్లెడ పడతాను.