ఆయాసం తగ్గాక మొదలైన అసలు వైద్యం

గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన నాన్న దిండ్లు ఎత్తు పెట్టుకోకుండా పడుకోగలిగారు కాబట్టి ఇక డిశ్చార్జ్ చేసేస్తారనుకున్నాం. డాక్టరు గారు మాత్రం అసలు మందులు అప్పుడే మొదలుపెట్టారు.

మాది బరంపురం. నాన్న చిన్నప్పటినుంచీ పట్టు నేశారు. కొన్నాళ్లుగా సాయంత్రానికి పాదాలు ఉబ్బిపోయేవి, వేలితో నొక్కితే పడిన సొట్ట చాలాసేపు అలాగే ఉండేది. వయసు వల్లనుకున్నారు అందరూ. ఒక రాత్రి ఊపిరాడక కూర్చునే తెల్లవార్చారు, పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చాం. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, పంపింగ్ 30 శాతమే అని వచ్చింది. గుండె రక్తాన్ని సరిగ్గా పంపు చేయలేకపోతోంది, గుండె వైఫల్యం అంటే ఇదేనన్నారు. లేసిక్స్ ఇంజెక్షన్లతో ఒంట్లో చేరిన నీరు దిగిపోయింది.

అమ్మకి టెన్షన్ మొదలైంది ఆ తర్వాతే. పై బీపీ 104 ఉన్న మనిషికి బీపీ మందులా? షుగర్ లేని మనిషికి షుగర్ మాత్రా? గుండె అసలే నీరసంగా ఉంటే ఒకేసారి ఇన్నా? డాక్టరు గారు విసుక్కోలేదు. నాన్నని "మౌసా" అని పిలుస్తూ, మంచం పక్కనే కూర్చుని ఒడియాలో విడమర్చి చెప్పారు. లేసిక్స్ నీటిని తీస్తుందంతే, గుండెని బాగుచేయదు. ప్రాణం నిలబెట్టేవి నాలుగు రకాల మందులు: సాకుబిట్రిల్-వల్సార్టాన్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకరు, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. ఈ చివరిది షుగర్ లేనివాళ్ల గుండెకీ పనిచేస్తుందని 2019లోనే తేలింది.

"ఇంటికెళ్లాక ఓపీలో మెల్లగా మొదలుపెడదాం అంటే చాలామందికి ఆ రోజు రాదు" అన్నారాయన. ఆ మాట నాకు బాగా తగిలింది. ఇంటికొచ్చిన మొదటి నెలల్లోనే మళ్లీ ఆసుపత్రిపాలయ్యేవాళ్లు ఎక్కువట. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనం గురించి తర్వాత చదివాను. వెయ్యిమందికి పైగా రోగులు. ఇందులో డాపాగ్లిఫ్లోజిన్ లేదు, మిగతా మూడు రకాలే. డిశ్చార్జ్‌కి ముందే సగం డోసు ఇచ్చి, రెండు వారాల్లో పూర్తి డోసుకి తీసుకెళ్లి, పరీక్షలతో దగ్గరగా గమనిస్తూ వచ్చారు. ఆరు నెలల్లో మరణమో, గుండె వైఫల్యంతో మళ్లీ చేరడమో జరిగినవాళ్లు వీళ్లలో 15 శాతం, మామూలు పద్ధతిలో 23 శాతం.

అంటే అన్నీ గబగబా మింగించేయడం కాదు. నాన్న అంతకుముందు ఎనలాప్రిల్ అనే మాత్ర వాడేవారు. అది ఆపాక 36 గంటలు గడిచేదాకా సాకుబిట్రిల్ ఇవ్వకూడదు, ముఖం, గొంతు వాచే ప్రమాదం ఉంది. నర్సు చివరి మాత్ర వేసిన టైము ఫైల్లో ఎర్ర పెన్నుతో రాసి, కింద గీత గీసింది. బీటా బ్లాకరు నీరు పూర్తిగా దిగాకే, అదీ చిన్న డోసుతో. రోజూ బీపీ, మధ్యమధ్య రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూసేవారు.

ఇంటికొచ్చాక కష్టమంతా తిండి దగ్గరే. బరంపురంలో అప్పడం, ఊరగాయ లేని భోజనమా! అమ్మ ఆ రెండూ అటక ఎక్కించేసింది. దుకాణాల్లో దొరికే 'తక్కువ సోడియం' ఉప్పు కొందామంటే డాక్టరు గారు వద్దన్నారు. అందులో పొటాషియం ఉంటుంది, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లకి అది ప్రమాదం. మోకాళ్ల నొప్పికి దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ కూడా బంద్, అది ఒంట్లో నీరు నిలిపేస్తుంది. వాంతులో విరేచనాలో పట్టుకుని తిండి మానేస్తే డాపాగ్లిఫ్లోజిన్ ఆపి ఫోన్ చేయమన్నారు. దాని పేటెంట్ తీరిపోవడంతో చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, అదొక ఊరట.

పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద రాస్తున్నాం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆగకుండా ఫోన్ చేయాలి. రెండు వారాల రక్తపరీక్షలో పొటాషియం 4.8 వచ్చింది, బీపీ నిలబడింది, రెండు మందుల డోసు పెంచారు. నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయని నాన్న అన్నప్పుడు మందేదీ ఆపలేదు, లేసిక్స్ తగ్గించారు. మూడు నెలలు పూర్తి డోసు వాడాక మళ్లీ ఎకో తీస్తారు. అప్పటికీ పంపింగ్ 35 దాటకపోతే ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) గురించి మాట్లాడదామన్నారు.