కోస్తే తిరిగి అతకని బండి

మా బాపు 1973లో కొన్న బుల్లెట్ ఇప్పటికీ హనుమకొండలోని మా ఇంటి వరండాలో ఉంది. ఆయన పశువైద్యశాలలో కాంపౌండర్‌గా పనిచేస్తూ పరకాల, ములుగు వైపు పల్లెలకు ఇరవై ఏళ్లకు పైగా దాని మీదే తిరిగారు. ఈ వేసవిలో మా అక్క కొడుకు దాని వెనుక మడ్‌గార్డును, దాన్ని మోసే ఛాసిస్ కొసను కోయించి, ఒంటి సీటు బిగించి, వెడల్పు టైర్లు వేయిస్తానన్నాడు. "మామా, గిట్లనే పెడితే తుప్పు పట్టి పోతది. నాకిస్తే రోజూ నడుపుత" అన్నాడు. వెంటనే వద్దన్నాను గాని, ఎందుకు వద్దో అతనికి సరిగ్గా చెప్పడానికి నాకు వారం పట్టింది.

అతని మాటలో న్యాయం ఉంది. నడవని బండికి రబ్బరు ఎండిపోతుంది, ట్యాంకులో తుప్పు పేరుకుంటుంది. ఆరు వోల్టుల కరెంటుతో వెలిగే హెడ్‌లైటు వెలుగులో రాత్రిపూట ములుగు రోడ్డు మీద గుంతను గుర్తించడం కష్టం. పైగా, పాత బండిని తాకకూడదనే వాళ్లు ఒక సంగతి మరచిపోతారు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టి 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన ఈ బండిని కంపెనీయే ఎన్నోసార్లు మార్చింది. బాపు బండిలో ఇంజను పోత ఇనుముది, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. తరువాతి బుల్లెట్లలో ఇంజనూ మారింది, గేరు ఎడమవైపుకు వచ్చింది.

బాపు కూడా మార్చారు. మందుల పెట్టె పట్టేలా వెనుక ఒక ఇనుప క్యారియర్‌ను వరంగల్‌లోని మట్టెవాడలో వెల్డింగ్ చేయించారు. అది కంపెనీ ఇచ్చింది కాదు కాబట్టి తీసేయమని పాత బండ్లు సేకరించే మిత్రుడొకరు సలహా ఇచ్చారు. నేను తీయలేదు. ఆ క్యారియర్ కింద మడ్‌గార్డు మీద పెట్టె ఒరుసుకుని పడిన గీతలే ఆ బండి ఎవరిదో చెబుతాయి. షోరూములో నిలబెట్టిన రోజు ఎలా ఉందో అలా చేయడమే కాపాడడం అనుకుంటే, ఆ రోజు తరువాత జరిగిన యాభై ఏళ్లనూ చెరిపేయవలసి వస్తుంది.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ట్యాంకుకు పడిన చిన్న సొట్ట తీయించడానికి ఒక షెడ్డులో ఇచ్చాను. నాలుగు రోజుల తరువాత వెళ్లేసరికి పాత రంగంతా గీకేసి, పుట్టీ పెట్టి, అద్దంలా మెరిసే నలుపు కొట్టి ఉంచారు. చేతితో గీసిన బంగారు గీతలు, బాపు మోకాళ్లు ఆనీ ఆనీ పలచబడిన రెండు చోట్లు పోయాయి. వాళ్లు చెడు చేయాలనుకోలేదు, బండిని బాగుచేశామనే అనుకున్నారు. ఆ రోజు ఇంటికి తెచ్చిన ట్యాంకును బాపుకు చూపించడానికి నాకు ధైర్యం చాలలేదు. రంగు మళ్లీ వేయవచ్చు, ఆ రంగు మళ్లీ రాదు.

అందువల్ల నేను గీత గీసుకున్నది మార్చడానికీ మార్చకపోవడానికీ మధ్య కాదు, వెనక్కి తేగలిగిన మార్పుకూ తేలేని మార్పుకూ మధ్య. బోల్టు విప్పి తీసి, మళ్లీ బిగించగలిగినది ఏదైనా మార్చుకోవచ్చు. కట్టర్ పెట్టి కోసేదానికి మాత్రం నేను ఒప్పుకోను. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, 2024లో తిరిగి నిలబెట్టడం మా ఊళ్లో అందరం చూశాం. ఏ రాయి ఎక్కడిదో నంబరు వేసి ఉంచుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

చట్టం కూడా ఈ విషయంలో పట్టింపుగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించి ఆర్‌సీలో నమోదైన వివరాలతో పొసగని మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లను వింటేజ్‌గా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా నడపకూడదు. నడవడానికి పుట్టిన బండిని అలా కట్టిపడేయడం నాకు ఇష్టం లేదు, అందుకే ఆ దారి ఎంచుకోలేదు.

కాపాడవలసింది ఇనుమొక్కటే కాదు, దాన్ని నడిపే పద్ధతి కూడా. అల్లుడికి మొదట స్టార్ట్ చేయడం నేర్పాను. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ, కరెంటును చూపే అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు ఇంజను లోపలి ఒత్తిడిని వదిలించే డీకంప్రెషన్ లివరు పట్టి కిక్కును మరికాస్త దించి, లివరు వదిలి, ఒక్క నిండు కిక్కు కొట్టాలి. తొందరపడితే కిక్కు ఎదురుతన్ని మడమను దెబ్బతీస్తుంది. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. మొదటి రోజు చెమటలు పట్టిన అల్లుడు మూడో రోజుకు ఒకే కిక్కులో లేపి, "అమ్మమ్మా, విన్నవా?" అని లోపలికి కేక వేశాడు. అమ్మ తలుపు దాకా వచ్చి, ఆ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడింది.

చివరికి మేము ఒక ఒప్పందానికి వచ్చాం. పన్నెండు వోల్టుల వైరింగ్, మంచి హెడ్‌లైటు, పాత కొలతలోనే కొత్త టైర్లు. తీసిన ప్రతి వస్తువుకూ చీటీ కట్టి బాపు మందుల పెట్టెలోనే పెట్టాం. సీటు మార్చుకోవచ్చు, పాతది అటక మీద ఉంటుంది. మడ్‌గార్డును మాత్రం కోయడు. పోయిన ఆదివారం అతను పరకాల దాకా వెళ్లివచ్చాడు, క్యారియర్ మీద ఒక సంచి కట్టుకుని.