బండిని రెండు ముక్కలు చేశాం

నిమ్మతోటలో మా ట్రాక్టర్ వెనక నేల దున్నే రోటావేటర్ దించితే చాలు, ఇంజిన్ అరుస్తుంది, బ్లేళ్లు మాత్రం తిరగవు. పైగా మాడు వాసన. ట్రక్కు తగిలిస్తే బాగానే లాగుతోంది. అంటే జారేది పీటీవో క్లచ్, ఇంజిన్ పవర్‌ని రోటావేటర్‌కి అందించేది. కొన్నాళ్లుగా ఇదే టెన్షన్.

ఈరోజు పొదలకూరు నుంచి మేస్త్రీ వచ్చాడు. మా మినీ ట్రాక్టర్‌ది డ్యూయల్ క్లచ్. పెడల్ సగం తొక్కితే చక్రాలకు పవర్ ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీవో షాఫ్టు కూడా ఆగుతుంది. ప్లేట్లు రెండూ లోపలే కాబట్టి ఇంజిన్‌నీ గేర్‌బాక్సునీ విడదీయక తప్పదు. జాకీలు, మొద్దులు పెట్టి ఆ పని అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది.

పీటీవో ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. ప్రెషర్ ప్లేటు మీద వేడికి నీలం మచ్చలు.

"ప్లేటొకటి మార్చి బిగించెయ్" అన్నాడు నాయన.

"క్రాంకు వెనక సీలు కారతా ఉంది పెద్దాయనా. కొత్త ప్లేటు మీద కూడా నూనె పడితే మళ్లీ జారద్ది" అని సీలు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ చీటీ మీద రాశాడు. నాయన ఆ చీటీ చూసి నిమ్మకాయల ధర ఎత్తుకున్నాడు. నాకైతే మేస్త్రీ మాటే సబబనిపించింది. సామాను ఖర్చు ఒకెత్తు, బండి మళ్లీ విప్పే కూలి ఒకెత్తు.

బిగించడం కంటే సెట్టింగుకే ఎక్కువ సేపు పట్టింది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ నొక్కే క్లచ్ ఫింగర్లు మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి తేడా వచ్చినా బేరింగ్ ఒక పక్కే నొక్కుతుంది, క్లచ్ వదిలేటప్పుడు బండి వణుకుతుంది. కొలిచి, నట్టు కాస్త తిప్పి, మళ్లీ కొలిచి... పక్కన కూర్చున్న నాకే విసుగొచ్చింది, అతనికి రాలేదు.

చివర్లో పెడల్ ఆట, అంటే బేరింగ్ ఫింగర్లకు తగిలే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం. టైటుగా పెట్టమన్నాడు నాయన. అలా పెడితే బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లకు ఆనుకుని తిరుగుతుంది, ప్లేటూ పూర్తిగా పట్టదు. మా బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ప్లేటు అరిగేకొద్దీ అది తగ్గిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ చూసుకోమన్నాడు మేస్త్రీ.

సాయంత్రం తోటలో ఒక సాలు దున్ని చూశాం. లోతుగా దించలేదు, నిమ్మవేర్లు పైపైనే ఉంటాయి కదా. ఎక్కడా ఆగలేదు. కొత్త ప్లేటు కుదురుకునే దాకా బండిని తేలిగ్గా వాడమని చెప్పి మేస్త్రీ వెళ్లాడు. ఆయన బైక్ సందు మలుపు తిరిగిందో లేదో, నాయన పక్క తోటాయనకు రేపటి బాడుగ ఒప్పేసుకున్నాడు.