కాలి మీద గీత

మంగళవారం రాత్రి, శ్రీకాకుళం

కాలికి ఇన్ఫెక్షన్ వచ్చి నాన్నని ఆసుపత్రిలో చేర్చి ఇవాళ్టికి మూడు రోజులు. జ్వరం దిగింది. కుడికాలు వాపు ఇంకా ఉంది గానీ ఎరుపు మాత్రం గీత లోపలికి వచ్చేసింది.

ఆ గీత సంగతి రాసుకోవాలి. చేర్చిన రాత్రి డ్యూటీ డాక్టరమ్మ నాన్న కాలి మీద ఎరుపు ఎంతమేర ఉందో చూసి, దాని అంచు వెంబడే బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైము వేసింది. "ఇది దాటితే మందు పనిచెయ్యట్లేదని లెక్కండీ. అనుమానం వస్తే ఏ టైమైనా పిలవండి" అంది. రెండింటికి నేను పిలవకుండానే వచ్చింది. లైటు వేస్తే నాన్న లేస్తాడని, ఫోను టార్చి అరచేత్తో సగం మూసి, గీత పొడుగునా చూసుకుంటూ పోయింది. పిక్క దగ్గర ఒకచోట వేలెడు దాటింది. అక్కడ ఇంకో గీత గీసి, పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేసి మాట్లాడి మందు మార్చింది. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాసుకుని వెళ్ళింది.

మొదటిరోజు నాన్న ఆమెని చూసి, "ఈ సిన్న గుంటకేటి తెలుస్తాదే, పెద్ద డాక్టర్ని రమ్మను" అన్నాడు. పైకి అనలేదు గానీ నా మనసులోనూ అదే ఉంది. డ్యూటీ డాక్టరంటే సెలైను పెట్టే మనిషని కదా మన లెక్క.

సర్జన్‌గారు కాలు చూస్తారు, షుగరు డాక్టరుగారు షుగరు చూస్తారు. ఎవరి పని వాళ్ళు బాగానే చేస్తున్నారు. వాళ్ళ రాతలన్నీ కేసుషీటులో పక్కపక్కన పెట్టుకుని చదివేది మాత్రం ఈ అమ్మాయే. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ నాన్నకి 2.1, ఉండాల్సినదానికంటే ఎక్కువ. నొప్పికి రాసిన డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కిడ్నీకి మంచిది కాదని సర్జన్‌గారితో మాట్లాడి ఆపించింది. మాది కవిటి. క్రియాటినిన్ అంటే ఏమిటో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్ మీద ఉన్నారు. ఆ ఇంజెక్షన్ పడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదలట్లేదు.

ఆమె క్లాస్‌మేట్ అమెరికాలో ఇదే పని చేస్తోందట. అక్కడ హాస్పిటలిస్ట్ అంటారని చెప్పింది. ఫోన్‌లో చూశాను. 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక వైద్య పత్రికలో ఆ పేరు పెట్టారు. చేరిన రోగిని ఇంటికి పంపేదాకా చూసుకోవడమే వాళ్ళ పని. ఇక్కడ బయట బోర్డు మీద పెద్ద డాక్టర్ల పేర్లన్నీ ఉన్నాయి. ఈమె పేరు లేదు. ఉండాలి.

మధ్యాహ్నం మావయ్య ఊరి నుంచి నాలుగు బొండాలు పట్టుకొచ్చాడు. 2018లో తిత్లీ తుఫానుకి తోటంతా పడిపోయాక నాన్న మళ్ళీ వేసిన చెట్ల కాయలు. "మన సెట్లవే బావా" అని కత్తి తీశాడు. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. పొద్దుటి రిపోర్టులో పొటాషియం 5.7. వద్దని చెప్పేసి పోలేదు, స్టూలు లాక్కుని కూర్చుంది. "బొండం నీళ్ళలో పొటాషియం ఎక్కువండీ. కిడ్నీ బాగుంటే బయటికి పంపేస్తుంది. మీకిప్పుడు ఆ ఓపిక లేదు. ఒంట్లో ఉండిపోతే గుండె మీదికి వస్తుంది."

నాన్న కాసేపు మాట్లాడలేదు. "మన సెట్టు కాయ మనకే పనికిరాదేటమ్మా?"

"రిపోర్టు మామూలయ్యాక అడగండి, చెప్తాను. ఇవాళ్టికి మీ బదులు నేను తాగుతాను."

మావయ్య కొట్టిచ్చాడు. నిలబడే తాగింది. నాన్న ఆమె ముఖంలోకే చూస్తూ "ఎలాగున్నాదమ్మా?" అన్నాడు. "తియ్యగా ఉందండీ" అంది. మూడు రోజుల్లో నాన్న నవ్వడం అదే మొదలు.

ఆమె డ్యూటీ ఎనిమిదింటికి అయిపోయింది. అయినా ఎనిమిదిన్నర దాకా రాత్రి డాక్టరుకి మంచం పక్కనే నిలబడి అన్నీ అప్పజెప్పింది. కాలి మీద గీత, ఎంత మూత్రం వచ్చింది, ఏ ఇంజెక్షన్ ఎందుకు ఆపింది, ఆఖరికి మంచం కింది మూడు బొండాల సంగతి కూడా. ఆ అబ్బాయి చిన్న కాగితం మీద అన్నీ రాసుకున్నాడు.

ఇప్పుడు పదిన్నర. ఇందాకే వచ్చాడు. దుప్పటి పక్కకి జరిపి, గీత వెంబడి టార్చి వేసి చూసి, మళ్ళీ కప్పి వెళ్ళాడు. నాన్న లేవలేదు.